గ్యాస్ స్టవ్ మంట సన్నబడిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కరు ఎక్కించి ఎంతసేపైనా కూత రాదు. అట్టు అంచులు ఎండిపోతాయి, నడుమ పచ్చిగానే ఉంటుంది. పాలు పొంగే దాకా నిలబడలేక కాళ్ళు లాగుతాయి. మంట సన్నబడిన సంగతి వంటింట్లో మొదట ఇలాగే తెలుస్తుంది, కంటికి తేడా కనిపించేది ఆ తర్వాత. మా నాన్నది స్టవ్ రిపేరు కొట్టు. అక్కడ కూర్చుని ఏళ్ళ తరబడి విన్న ప్రశ్నలివి. ఎక్కువ భాగం 14.2 కిలోల సిలిండరు, రెండు మూడు బర్నర్ల స్టవ్ ఉన్న ఇళ్ళ గురించే. పైపు గ్యాస్ వాళ్ళకి, అమెరికాలో ఉన్నవాళ్ళకి చివర్లో విడిగా రాశాను.

గ్యాస్ వాసన కూడా వస్తోంది. ముందు ఏం చేయాలి?

ఇక్కడితో చదవడం ఆపండి. స్టవ్ నాబులు, రెగ్యులేటరు కట్టేయండి. తలుపులు, కిటికీలు తీయండి. లైటు గానీ ఫ్యాను గానీ వేయొద్దు, వెలుగుతున్నవి ఆర్పొద్దు కూడా; స్విచ్చిలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుని గట్టు కిందా మూలల్లోనూ నిలిచిపోతుంది. బయటికి వచ్చాక 1906కి ఫోన్ చేయండి, అది వంటగ్యాస్ లీకుల కోసం పెట్టిన నంబరు. మంట సంగతి రేపు చూసుకోవచ్చు.

వాసన లేదు, మంట మాత్రం సన్నగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పిన్నుతో మాత్రం కాదు. ముందు బర్నర్లన్నీ ఒక్కొక్కటిగా వెలిగించి చూడండి. ఒక్కటే సన్నగా ఉండి మిగతావి బాగుంటే, లోపం ఆ బర్నరులోనో, దాని కింది గొట్టంలోనో, గ్యాస్ చిమ్మే జెట్టు అనే చిన్న ఇత్తడి ముక్కలోనో, నాబు వాల్వులోనో ఉంది. సిలిండరునీ రెగ్యులేటరునీ అనుమానించక్కర్లేదు. అన్నీ ఒకేలా సన్నబడితే బర్నర్లు కడిగి లాభం లేదు. రెగ్యులేటరు, ట్యూబు, సిలిండరు చూడాలి.

మూడో రకం ఒకటుంది, దీన్ని చాలామంది గమనించరు. ఒక్క బర్నరు వెలిగిస్తే మంట బాగానే ఉంటుంది, రెండోది వెలిగించగానే మొదటిది కుంగిపోతుంది. గ్యాస్ వస్తోంది గానీ రెండింటికీ సరిపడా రావడం లేదన్నమాట. ట్యూబు నలిగి ఉండొచ్చు, రెగ్యులేటరు అలిసిపోయి ఉండొచ్చు, సిలిండరు అడుగంటి ఉండొచ్చు.

ఇది చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. కొట్టుకి స్టవ్ మోసుకొచ్చిన వాళ్ళని నాన్న మొదట అడిగేది ఇదే. సగం మంది గుర్తులేదని చెప్పేవాళ్ళు. స్టవ్ చూస్తే ఏ లోపమూ ఉండేది కాదు, లోపం ఇంట్లో ట్యూబు దగ్గర ఉండేది.

మంట నిజంగా తగ్గిందా, నా అనుమానమా? ఎలా తేల్చుకోవాలి?

ఒకే గిన్నె, ఒక లీటరు నీళ్ళు, మూత. ఒక బర్నరు మీద మరిగే దాకా టైము చూడండి. గిన్నె చల్లార్చి, మళ్ళీ చల్లటి నీళ్ళు పోసి, అదే సైజు ఉన్న రెండో బర్నరు మీద పెట్టండి. మామూలు మధ్య సైజు బర్నరు మీద ఐదారు నిమిషాల్లో మరగాలి. ఒకదానికి ఐదు నిమిషాలు, ఇంకోదానికి పది పట్టిందంటే అది అనుమానం కాదు. ఫ్యాను ఆపి చూడండి. గాలికి మంట పక్కకి పడిపోయి సన్నగా కనిపించడం మామూలే.

ఒక్క బర్నరే సన్నగా మండుతోంది. ఎందుకు?

నూటికి ఎక్కువసార్లు పాలో, పప్పో, గంజో పొంగి చిల్లుల్లో ఎండిపోయి ఉంటుంది. మన వంటలో పొంగేవే ఎక్కువ. పొంగినప్పుడు పైపైన తుడిచేస్తాం. చిల్లుల్లోకి దిగింది మాడి రాయిలా గట్టిపడుతుంది. మంట గుండ్రంగా లేకుండా ఒక పక్క పళ్ళూడిన దువ్వెనలా కనిపిస్తే కారణం ఇదే.

బర్నరు పైభాగం తీసి వెలుతురుకి ఎత్తి చూడండి. మూసుకున్న చిల్లులు వెంటనే తెలిసిపోతాయి. అన్నీ తెరిచే ఉండి మంట చుట్టూ సమానంగా సన్నబడితే, అడ్డం ఇంకా కింద ఉంది.

ఇత్తడి బర్నరు ఎలా శుభ్రం చేయాలి?

పూజ సామాను తోమే పద్ధతే. వేడినీళ్ళలో చింతపండు పిసికి, కాస్త ఉప్పు వేసి, బర్నర్లు అందులో ఒక గంట నాననివ్వండి. నిమ్మకాయ చెక్కలైనా సరే. తర్వాత పాత టూత్ బ్రష్‌తో రుద్ది, ఒక్కో చిల్లునీ సన్నటి తీగతో పొడిచి, కుళాయి కింద పట్టి లోపలి నుంచి నీళ్ళు పోనివ్వండి. బర్నరు చిల్లులు పెద్దవి కాబట్టి ఇక్కడ తీగ వాడినా ఫరవాలేదు. జెట్టు సంగతి వేరు, అది కింద చెబుతాను.

చేయకూడనివి రెండున్నాయి. బాత్రూము కడిగే యాసిడ్ పోయొద్దు. తళతళ మెరుస్తుంది, నిజమే, కానీ ఇత్తడిలోని జింకుని తినేసి బర్నరుని గుల్ల చేస్తుంది. వంట అయిన వెంటనే కాలుతున్న బర్నరుని చన్నీళ్ళలో పడేయొద్దు, వంకరపోయి మూత సరిగ్గా కూర్చోదు. అల్యూమినియం బర్నర్లయితే సోడా కూడా వద్దు, నల్లబడతాయి, సబ్బునీళ్ళు చాలు.

కడిగాక ఇంకా అధ్వాన్నమైంది. ఏం జరిగింది?

తడి ఆరలేదు. చిల్లుల్లో నీటిబొట్టు ఉంటే మంట చిటపటమంటూ ఎగిరిపడుతుంది, పసుపుపచ్చగా మారుతుంది, కొన్నిచోట్ల అంటుకోదు. ఎండలో పెట్టండి. లేదా గుడ్డతో తుడిచి, విదిలించి, రాత్రంతా వదిలేయండి.

ఆరిన తర్వాత కూడా అలాగే ఉంటే ఇంకో అనుమానం: చిన్న బర్నరు మూత పెద్దదానికీ, పెద్దది చిన్నదానికీ మారిపోయాయా? సంక్రాంతి ముందు ఇల్లంతా దులిపి స్టవ్ కడిగే వారంలో మా కొట్టుకి వచ్చే ఫిర్యాదుల్లో ఇది తప్పకుండా ఉండేది. మూతలు చూడటానికి ఒకేలా ఉంటాయి, కూర్చున్నట్టే కూర్చుంటాయి. పక్కసందులోంచి మంట వస్తుంది, పైన సన్నబడుతుంది. ఈసారి విప్పే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

జెట్టు అంటే ఏమిటి? పిన్ను పెట్టి పొడవొచ్చా?

నాబు వాల్వు చివర ఉండే చిన్న ఇత్తడి ముక్క జెట్టు. దాని నడుమ వెంట్రుకంత సన్నటి చిల్లు. గ్యాస్ ఆ చిల్లులోంచి జోరుగా దూసుకొస్తూ పక్కనున్న గాలిని తనతో లాక్కుని బర్నరు గొట్టంలోకి వెళ్తుంది. గ్యాస్ ఎంత రావాలో, గాలి ఎంత కలవాలో రెండూ ఆ చిల్లు కొలత మీదే ఆధారపడి ఉంటాయి.

పిన్ను అలవాటు మనకి కిరసనాయిలు పంపు స్టవ్‌ల కాలం నుంచి వచ్చింది. ఆ స్టవ్ నిపిల్‌లో మసి పట్టేది, రోజూ పిన్ను కొట్టందే మంట వచ్చేది కాదు. స్టవ్ మారింది, చేతి అలవాటు మారలేదు. కిరసనాయిలు మసిలా గ్యాస్ జెట్టులో రోజూ పేరుకునేదేమీ లేదు. గుండుసూది పెట్టి తిప్పితే మెత్తటి ఇత్తడి అరిగి చిల్లు పెద్దదవుతుంది. మొదటిరోజు మంట పెద్దగా వచ్చి బాగుపడిందనిపిస్తుంది. తర్వాత మంట పచ్చబడుతుంది, గిన్నెల అడుగున మసి పడుతుంది, సిలిండరు నెల తిరగకుండా అయిపోతుంది. అలా పాడైన జెట్టుని బాగుచేసే దారి లేదు, మార్చాలి. స్టవ్‌తో పోలిస్తే జెట్టు ఖరీదు లెక్కలోకి రాదు.

జెట్టు నిజంగానే మూసుకుపోతే? రెగ్యులేటరు కట్టేసి, ట్యూబు తీసి, స్టవ్ తిరగేసి, బర్నరు కింది గొట్టం విప్పితే జెట్టు కనిపిస్తుంది. స్పానరుతో విప్పి, నోటితో గట్టిగా ఊది, కిరసనాయిల్లో కాసేపు వేసి తుడిచి ఆరబెడితే చాలావరకు వదిలిపోతుంది. తిరిగి బిగించాక సబ్బునురుగు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. స్టవ్ పైన గాజు ఉంటే తిరగేయడం ఒక్కరి పని కాదు. చేతికి అలవాటు లేకపోతే మెకానిక్‌ని పిలవండి, ఇందులో నామోషీ లేదు.

బర్నరు, జెట్టు రెండూ శుభ్రంగానే ఉన్నాయి. అయినా సన్నగానే ఉంది?

బర్నరుకీ జెట్టుకీ మధ్యనున్న గొట్టంలోకి చూడండి. నెల రోజులు ఊరెళ్ళి వచ్చాక ఒక బర్నరు మాత్రమే మొరాయిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. సాలీడు గూడు, కందిరీగ మట్టి, బొద్దింక కాలు, ఏదైనా ఉండొచ్చు. గాలీ గ్యాసూ కలిసేది అక్కడే కాబట్టి దారంత గూడు చాలు మంటని చెడగొట్టడానికి. సీసాలు కడిగే సన్న బ్రష్ దూర్చి తీస్తే సరిపోతుంది.

అక్కడా ఏమీ లేదంటే నాబు వాల్వు. లోపలి గ్రీజు ఎండిపోతే నాబు బిగుసుకుపోయి పూర్తిగా తిరగదు. కొత్తగా గ్రీజు పెట్టినవాళ్ళు చేయి జారి ఎక్కువ పూస్తే అదే గ్యాస్ దారిని మూసేస్తుంది. సర్వీసు చేయించిన మర్నాడే మంట తగ్గితే అడగాల్సిన ప్రశ్న ఇదే. వాల్వు విప్పడం మాత్రం ఇంట్లో చేసే పని కాదు. సరిగ్గా కూర్చోకపోతే నేరుగా లీకే.

పెద్ద మంట బాగుంది, సిమ్‌లో పెడితే ఆరిపోతోంది.

సిమ్‌కి వాల్వులో వేరే చిన్న దారి ఉంటుంది, అది మూసుకుంటుంది. మెకానిక్ ఐదు నిమిషాల్లో సరిచేస్తాడు. అప్పటిదాకా సిమ్‌లో పెట్టి వేరే గదిలోకి వెళ్ళకండి. మంట ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటుంది.

మంట సన్నగా ఉండటమే కాదు, పచ్చగా కూడా ఉంది. గిన్నెలు మసిబారుతున్నాయి.

నీలం మంట అంటే గ్యాస్‌కి సరిపడా గాలి కలిసిందని. పచ్చగా, మెత్తగా ఊగుతుంటే గాలి చాలడం లేదు. గొట్టం మొదట్లో గాలి పీల్చుకునే సందుకి జిడ్డు, దుమ్ము పట్టి ఉంటుంది, తుడవండి. కొన్ని స్టవ్‌లకి అక్కడ చిన్న రేకు ఉంటుంది, జరిపితే గాలి పెరుగుతుంది, తగ్గుతుంది. అక్కడక్కడా నారింజ రంగు మెరుపులు వచ్చి పోతే కంగారుపడకండి, ఉప్పు నలకలో దుమ్మో కాలుతున్నాయి.

పచ్చటి మంటతో అసలు ఇబ్బంది మసి కాదు. సగం కాలిన గ్యాస్ కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, దానికి వాసన ఉండదు. కిటికీ లేని వంటింట్లో ఇది తల తిప్పుతుంది, ప్రాణం మీదికీ తెస్తుంది.

బర్నరు లోపల బుస్సుమని శబ్దం చేస్తూ జెట్టు దగ్గరే మంట అంటుకుంటే వెంటనే ఆపేయండి. చల్లారాక మూత సరిగ్గా కూర్చుందో లేదో, బర్నరు అరిగి చిల్లులు పెద్దవయ్యాయో చూడండి.

అన్ని బర్నర్లూ ఒకేసారి సన్నబడ్డాయి. సిలిండరు అయిపోతోందా?

అయ్యుండొచ్చు, కొలిచి చూడండి. ఖాళీ సిలిండరు బరువు దాని మెడ చుట్టూ ఉన్న పట్టీ మీద రాసి ఉంటుంది, సాధారణంగా 15, 16 కిలోల దగ్గర. నిండు సిలిండరు బరువు దానికి 14.2 కిలోలు ఎక్కువ ఉండాలి. కాటా లేకపోతే తడిగుడ్డతో సిలిండరుని పైనుంచి కింది దాకా ఒకసారి తుడవండి. పైభాగం త్వరగా ఆరి, కింద తడి కాసేపు నిలుస్తుంది. తడి నిలిచిన ఎత్తే లోపలున్న ద్రవం ఎత్తు.

కొత్త సిలిండరు పెట్టిన రోజే మంట సన్నగా ఉంటే బరువు తక్కువేమో చూసుకోండి. సిలిండరు తెచ్చినవాళ్ళ దగ్గర కాటా ఉండాలి, అడిగి తూయించుకునే హక్కు మీకుంది. తూయమంటే మొహం మాడ్చుకునేవాళ్ళుంటారు, మాడ్చుకోనివ్వండి.

సిలిండరులో గ్యాస్ ఉంది. రెగ్యులేటరు పాడైందని ఎలా తెలుస్తుంది?

రెగ్యులేటరు చేసే పని తెలిస్తే ఇది సులువు. మన ఎండలకి సిలిండరు లోపల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి చాలా కిలోలు ఉంటుంది. రెగ్యులేటరు దాన్ని 30 గ్రాములకి దించుతుంది. అంటే జానెడు పైన ఎత్తున్న గిన్నెలో నీళ్ళు అడుగున మోపే ఒత్తిడి, అంతే. స్టవ్ దాకా వచ్చేది అంత మెత్తటి ఒత్తిడి కాబట్టే ట్యూబు కాస్త నలిగినా, దారిలో చిన్న అడ్డం పడినా మంటలో వెంటనే కనిపిస్తుంది.

ముందు రెగ్యులేటరు సరిగ్గా కూర్చుందో చూడండి: తీసి, మళ్ళీ పెట్టి, టక్కుమనే దాకా దించి, స్విచ్చి చివరి దాకా తిప్పండి. సగం తిప్పి వదిలేయడం చాలా ఇళ్ళలో చూశాను. రెగ్యులేటరు మీద చిన్న గాలిచిల్లు ఉంటుంది, దుమ్ము పేరుకుంటే లోపలి రబ్బరు పొర స్వేచ్ఛగా కదలలేదు. పైనుంచి తుడవండి, ఏదీ పెట్టి పొడవకండి. ఇవన్నీ అయ్యాక కూడా అన్ని బర్నర్లూ నీరసంగా ఉంటే, లేదా మంట దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే, ఏజెన్సీకి కనెక్షన్ కాగితం తీసుకెళ్ళి మార్పించుకోండి. రెగ్యులేటరుని విప్పి బాగుచేస్తాననే వాణ్ణి గుమ్మం దాటనివ్వొద్దు.

హోటళ్ళలో పెద్ద పొయ్యిలకి వాడే హై ప్రెషర్ రెగ్యులేటరు తెచ్చి ఇంటి స్టవ్‌కి తగిలించొద్దు. మంట పెరుగుతుంది గానీ ఆ ట్యూబు, ఆ వాల్వులు ఆ ఒత్తిడికి చేసినవి కావు.

ట్యూబు వల్ల కూడా మంట తగ్గుతుందా?

తగ్గుతుంది, అందరూ చివరగా చూసేది అదే. స్టవ్ కాలి కింద పడి నలిగిందేమో, గట్టు అంచు మీద మడత పడిందేమో, సిలిండరు మార్చినప్పుడు మెలి తిరిగిందేమో చూడండి. సురక్ష ట్యూబు మీద తేదీ అచ్చు వేసి ఉంటుంది; ఐదేళ్ళకోసారి మార్చాలి. బయటికి బాగానే ఉన్నా లోపలి రబ్బరు ఉబ్బి దారి ఇరుకవుతుంది. 1.5 మీటర్ల కంటే పొడవు ట్యూబు వేసి సిలిండరుని పక్క గదిలో పెట్టడం, రెండు ముక్కలు కలిపి అతకడం వద్దు. వంగినచోట పగుళ్ళు కనిపించినా, ఎలుక కొరికిన గుర్తు ఉన్నా ఆ రోజే మార్చేయండి, మంట ఎంత బాగున్నా సరే.

రెగ్యులేటరుకి పైన ముల్లు ఉన్న మీటరు లాంటి పరికరం ఏదైనా తగిలించి ఉంటే దాన్నీ అనుమానించండి. గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువ వెళ్తే ఆపేసేలా అవి పనిచేస్తాయి. నాబు ముందే తెరిచి ఉంచి రెగ్యులేటరు తిప్పితే లీకనుకుని మూసుకుపోతుంది. నాబులన్నీ కట్టేసి, రెగ్యులేటరు ఆపి, మళ్ళీ మొదట్నుంచి తెరవండి.

చలికాలంలోనే ఇలా అవుతోంది. సిలిండరుని వేడినీళ్ళలో పెట్టొచ్చా?

వద్దు. సిలిండరులో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ద్రవం. అది ఆవిరై పైకి వస్తేనే మంట. ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీల కింద కూడా మరుగుతుంది గానీ, బ్యూటేన్ మరిగేది సున్నా దగ్గర. లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వైపు డిసెంబరు తెల్లవారుజామున బయట వరండాలో ఉన్న సిలిండరు, అందులోనూ అడుగంటినది, నీరసపడటం సహజం. ఎక్కువసేపు పెద్ద మంట మీద వాడితే ఆవిరయ్యేటప్పుడు ద్రవం తన వేడినే ఖర్చుపెట్టుకుని ఇంకా చల్లబడుతుంది. సిలిండరు కింది భాగానికి చెమట పట్టడం చూసే ఉంటారు.

సిలిండరుని ఇంట్లోకి తెచ్చి నిటారుగా పెట్టండి, ఎండెక్కాక దానంతటదే కోలుకుంటుంది. వేడినీళ్ళు, నిప్పు, హీటరు ఏదీ దగ్గరికి రానివ్వొద్దు. పడుకోబెట్టడం, తలకిందులు చేయడం ఇంకా ప్రమాదం: ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటరులోకి వచ్చి స్టవ్ దగ్గర భగ్గుమంటుంది. అడుగున మిగిలిన పావు కిలో గ్యాస్ కోసం ఈ పని చేసే పెద్దవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. మా నానమ్మ కూడా చేసేది, ఎంత చెప్పినా వినేది కాదు.

హైదరాబాద్ ఫ్లాటులో పైపు గ్యాస్ వచ్చింది. పాత స్టవ్‌కి కలిపితే మంట ఇంతే ఉంది.

జెట్లు మార్చలేదు. పైపులో వచ్చేది ఎక్కువగా మీథేన్. అదే పరిమాణం గ్యాస్‌లో సిలిండరు గ్యాస్‌కున్న వేడిలో సగం కూడా ఉండదు, ఒత్తిడి కూడా తక్కువ: ఇక్కడ 21 మిల్లీబార్లు, సిలిండరు రెగ్యులేటరు దగ్గర 30 (ఇందాక చెప్పిన 30 గ్రాముల ఒత్తిడి ఇదే). కాబట్టి పెద్ద చిల్లున్న జెట్లు కావాలి. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో పైపు గ్యాస్ ఇచ్చే భాగ్యనగర్ గ్యాస్ లాంటి కంపెనీ మనిషే కనెక్షన్ ఇచ్చేటప్పుడు జెట్లు మార్చాలి. మీరే డ్రిల్లు పెట్టి పెద్దవి చేయకండి.

ఊరు మారి తిరిగి సిలిండరుకి వెళ్తే జెట్లు కూడా వెనక్కి మార్చాలి. మర్చిపోతే మంట తక్కువ రాదు, అడుగెత్తున పచ్చగా లేస్తుంది.

అమెరికాలో మా అమ్మాయి వాళ్ళింట్లో స్టవ్ కూడా సన్నగా మండుతోంది. ఇవే కారణాలా?

సూత్రం అదే, వస్తువులు వేరు. అక్కడి స్టవ్‌లలో బర్నరు మూత పళ్ళెం మీద ఊరికే కూర్చుని ఉంటుంది. తుడిచినప్పుడు అరంగుళం జరిగినా మంట ఒక పక్కకే వస్తుంది. ముందు దాన్ని సర్దమనండి. కొత్త ఇల్లయితే ఇంటికి వచ్చేది పైపులో నేచురల్ గ్యాసా, పెరట్లో ట్యాంకులో ప్రొపేనా అని కనుక్కోవాలి. అక్కడి స్టవ్‌లు సాధారణంగా నేచురల్ గ్యాస్‌కి సరిచేసి వస్తాయి. పాత యజమాని ప్రొపేన్ కోసం చిన్న జెట్లు వేయించుకుని, ఆ స్టవ్‌ని తర్వాత నేచురల్ గ్యాస్‌కి కలిపితే మంట దీపమంతే వస్తుంది. వాసన వస్తే మాత్రం అక్కడ పద్ధతి ఇంట్లోంచి బయటికి వెళ్ళి, అక్కడి నుంచి 911కో గ్యాస్ కంపెనీకో ఫోన్ చేయడం.

బాగుచేయించడమా, కొత్తది కొనడమా?

జెట్లు, బర్నర్లు, వాల్వులు అన్నీ విడిగా దొరుకుతాయి. బర్నరు అంచులు అరిగి మూత ఊగుతుంటే బర్నర్లు మార్చండి. అడుగున రేకు తుప్పు పట్టి వాల్వులున్న పైపు కదులుతుంటే ఆ స్టవ్‌కి డబ్బు పెట్టకండి. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. ఆ ప్రమాణం ప్రకారం స్టవ్ గ్యాస్ వేడిలో కనీసం 68 శాతం గిన్నెకి చేర్చాలి. రోజూ వండేది నలుగురికే అయితే నాలుగు బర్నర్లది తీసుకోకండి. వాడని బర్నరులోనే సాలీళ్ళు చేరతాయి.